కొత్తోడు అడగడం మానేసిన వారం

సోమవారం. సముద్రం పాటు మీద ఉంది. తూర్పు గాలి.

మంచు పట్టే వలల కింద తాగునీళ్ళ కుండ సగానికి నిండింది. తెప్ప కట్టిన తాళ్ళు గట్టిగానే ఉన్నాయి. ఈశాన్యం మూల తాడుకి నాచు పట్టింది, గీకాలి. కరెంటిచ్చే ఎండపలకల మీద ఉప్పు తుడిచాను.

మా వాడలో ఇళ్ళన్నీ తెప్పల మీదే; ప్రతి తెప్పలోనూ ఇంటికి పెద్దయినవాళ్ళు రోజూ ఈ చిట్టా రాసి గట్టు మీది ఆఫీసుకి పంపాలి. నీళ్ళు, తాళ్ళు, గాలి రాస్తే చాలు. మిగతా జాగా ఖాళీగా వదలడం నాకు ఇష్టం ఉండదు. ఎవరూ చదవరని తెలిశాక ఇంకా నిబ్బరంగా రాస్తున్నాను.

చిన్ని నిన్న గట్టు నుంచి తిరిగొచ్చింది. చిన్ని అంటే నా ఆఖరి చెల్లెలు సుహాసిని. నడిపిది గట్టు మీదే కాపురం. అమ్మ పోయాక చిన్నిని పెంచింది నేను. దానికి అక్షరాలు దిద్దబెట్టింది కూడా నేనే. ఇప్పుడు ఈ తెప్పలవాడ బడికి మేమిద్దరమే టీచర్లం. ఒకే తెప్ప, మధ్యలో చాప అడ్డం. ఇటు నేను, అటు అది.

సంచిలోంచి కొబ్బరికాయంత వస్తువు తీసి నా ముందు పెట్టింది. దానికి ఒంటికన్నులా ఒక దీపం.

"ఇదేం పాఠాలు చెబుతుందే?" అన్నాను. పాఠాలు చెప్పే యంత్రాలు గట్టు మీద నేనూ చూశాను.

"ఏమీ చెప్పదక్కా. దీనికి ఏమీ తెలీదు."

"మరెందుకు మోసుకొచ్చావు?"

"పిల్లలు దీనికి చెబుతారు. వాళ్ళు చెప్పిందే దీనికి వస్తుంది. అర్థంకాకపోతే దీపం పచ్చబడి అడుగుతూనే ఉంటుంది. దీనికి అర్థమయ్యేలా చెప్పాలంటే ముందు వాళ్ళకి అర్థమవ్వాలిగా."

"బడి ఎవరికే, పిల్లలకా దీనికా?"

నవ్వింది. నవ్వు ఆపి అసలు సంగతి చెప్పింది. నిరుడు పరీక్ష పడవ వచ్చినప్పుడు మా పిల్లలు అధికారి ముందు నోరు తెరవలేదు. ఇంట్లో గడగడా అప్పజెప్పేవాళ్ళు ఆవిడ ముందు కొయ్యబారిపోయారు. ఈ ఏడాదీ అంతే అయితే వాడలో బడి ఎత్తేస్తారు. ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలందరూ గట్టు మీది హాస్టలుకి పోవాలి. చిన్ని ఆఫీసు చుట్టూ తిరిగి ఒక్క అవకాశం తెచ్చింది. ఈసారి పరీక్ష పిల్లలకి కాదు, ఈ వస్తువుకి. పిల్లలు దీనికి ఎంత బాగా చెప్పారో దీని జవాబుల్లో చూస్తారు. పౌర్ణమి పోటుకి పడవ వస్తుంది.

నిరుడు ఆ పిల్లలకి అప్పజెప్పడం నేర్పింది నేను. ఆ మాట చిన్ని అనలేదు. అనలేదని నేను గమనించాను.

బుధవారం. పోటు. గాలి లేదు.

నీళ్ళు తక్కువ. తాడు నాచు గీకాను.

పొద్దున ప్రార్థన, ఎక్కాలు నా దగ్గర. ఆమెన్ అన్న మరుక్షణం పిల్లలు చాప అవతలికి పరుగు. నా గుమ్మం ముందు చెప్పులు లేవు. చిన్ని గుమ్మం ముందు ఒకదాని మీద ఒకటి, గుట్ట.

ఆ వస్తువుకి కొత్తోడని పేరు పెట్టారట. పిల్లలు 'వాడు' అంటున్నారు. నేను 'అది' అనే అంటాను. అందర్నీ 'అండి' అనాలని, పిలిస్తే 'ఆయ్' అనాలని ముందు మర్యాద నేర్పారు. అంతవరకు బాగుంది.

చాప పలచన. అన్నీ వినబడతాయి.

"ఇదుగో రొట్టె. మధ్యకి తుంచాను. ఇది సగం."

"ఆయ్. మరి అదేంటండి?"

"అదీ సగమే రా."

"రెండూ సగమే అయితే, ఇందాక ఆ ముక్క కోసం ఎందుకు కొట్టుకున్నారండి?"

అవతల నవ్వులు. తెప్ప కదిలింది. ఆ నవ్వుల్లోంచి ఒక గొంతు, గట్టిగా: "ఎందుకంటే అది సగం కాదు. సరిసమానంగా ఉంటేనే సగం. మనం తుంచడమే తప్పు."

పరిమళ. తొమ్మిదేళ్ళ పిల్ల. రెండేళ్ళు నా ఎదురుగా కూర్చుంది. నేను బెల్లంముక్క పెట్టాను, తల నిమిరాను, పక్కన కూర్చోబెట్టుకున్నాను. పెదాలు కదిలేవి, మాట బయటికి వచ్చేది కాదు. ఆ పిల్ల గొంతు ఇంత పెద్దదని ఈ రోజే తెలిసింది నాకు. చాప ఇవతల నుంచి.

ప్రభువా, అందరూ నవ్వారు, నాకు నవ్వు రాలేదు. ఇది నువ్వే చూసుకో.

శనివారం. పాటు. తూర్పు గాలి, కొంచెం చలి.

నీళ్ళు బాగా వచ్చాయి.

పరిమళ తల్లి మార్తమ్మ పడవ ఆనించి ఎండురొయ్యల మూట అందించింది.

"చిన్నటీచరుగారికండి. మా పిల్ల ఇంట్లో నోరు మూత్తే ఒట్టండి. పిల్లిక్కూడా లెక్కలు చెప్తంది. ఆవిడ చలవేనండి."

"లోపల పెడతాను," అన్నాను.

"తలలు వలిచేసి తెచ్చానండి. ఆవిడకి తీరికుండదు కదండి."

నాకు ఎప్పుడు తెచ్చినా తలలతోనే తెచ్చేది.

కొత్తోణ్ణి రోజుకొకరు వంతులవారీగా ఇంటికి తీసుకెళతారు. శని, ఆదివారాలు మా ఇంటి వంతు. చిన్ని పాఠాలు సర్దుకుంటూ దాన్ని వలల దగ్గర నా పక్కన పెట్టి పోయింది.

"పెద్దటీచరుగారండీ, పలకల మీద ఉప్పు ఎక్కణ్ణుంచి వత్తదండి?"

"నీకెందుకు?"

దీపం పచ్చబడింది. కాసేపటికి మళ్ళీ. "తాడు ఇప్పేత్తే మన ఇల్లు ఎక్కడికి పోతదండి?"

"ఇప్పుడు కాదు."

నేను మోకాళ్ళ మీద ఉండి ప్రార్థన ముగించేసరికి కూడా అది పచ్చగానే వెలుగుతోంది. "అక్కడ ఎవరూ లేరు కదండీ. ఎవరితో మాట్లాడతన్నారండి?"

"మాట్లాడకు," అన్నాను.

"ఆయ్," అంది. దీపం తెల్లబడింది. ఆ పూటకి మళ్ళీ అడగలేదు. ఇల్లు నిమ్మళించింది. ఈ వారంలో ఇంత సుఖంగా నేను కూర్చోలేదు.

సోమవారం. పోటు. తూర్పు గాలి.

నీళ్ళు, తాళ్ళు సరిగా ఉన్నాయి.

పిల్లలు కొత్తోడికి నడవడిక పాఠం చెప్పారు. పెద్దమనిషి అంటే ఎవరండీ అని అది అడిగింది. ఒకడు వాళ్ళ తాత పేరు చెప్పాడు, ఇంకొకతె పాస్టరుగారన్నది. పరిమళ అన్నది: "మా పెద్దటీచరుగారు. అరవరు, పరిగెత్తరు, ఊరికే మాట్లాడరు. వాడంతా ఆవిణ్ణే మంచిదంటారు. నువ్వూ ఆవిడిలాగే ఉండాలి, తెలిసిందా?"

"ఆయ్," అన్నది కొత్తోడు.

మధ్యాహ్నం అన్నం రెండోసారి వడ్డించుకున్నాను. చిన్ని వింతగా చూసింది.

గురువారం. పాటు. గాలి దక్షిణానికి తిరిగింది.

దక్షిణం తాడు బిగించాను.

చాప అవతల మూడు రోజులుగా నవ్వులు లేవు. పిల్లలు చెబుతున్నారు, అది "ఆయ్" అంటోంది. దీపం పచ్చబడడం లేదు. చెప్పిందంతా వింటుంది, అడగదు. మొదట్లో పిల్లలు మురిసిపోయారు, వాడికి అన్నీ వచ్చేశాయని. తర్వాత ఆవలించారు. ఇవాళ నా గుమ్మం ముందు ఆరేడు జతల చెప్పులు ఉన్నాయి. పదమూడో ఎక్కం మొత్తం చెప్పించాను. నా గొంతు నాకే బాగుందనిపించింది.

సాయంత్రం చిన్ని అన్నం ముందు కూర్చుని చెయ్యి పెట్టలేదు.

"పరీక్ష పెట్టి చూశానక్కా. మాటలన్నీ ఉన్నాయి. అర్థం ఒక్కటీ లేదు. సగం అంటే ఏంట్రా అంటే సరిసమానం అంటాడు. ఈ రొట్టె సగం చెయ్యరా అంటే 'ఆయ్' అంటాడు, అంతే. అడిగితే కదా వాడికి తెలిసేది. అడగడం మానేశాడు."

"పాడైందేమో. గట్టుకి పంపు."

"పౌర్ణమి దగ్గర పడిందక్కా. తుడిచేసి మొదటినుంచి చెప్పే వ్యవధి కూడా లేదు." కంచం పక్కకి జరిపింది. "పరిమళ వాళ్ళ నాన్న ట్రంకుపెట్టె దింపి తుడుస్తున్నాడు. చూశావా?"

చూశాను. ఆ పెట్టెకి తాడు చుట్టి తెప్ప అంచున పెట్టారు. ఆ పిల్ల గట్టు మీద ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. నేల కదలదు కదా, నిద్ర ఎలా పడుతుందని నన్నే అడిగింది ఒకసారి. ఏమన్నానో గుర్తుంది. నీకెందుకు ఇప్పుడు, అన్నాను.

ప్రార్థనలో మాటలు కుదరలేదు.

శుక్రవారం. పోటు. దక్షిణపు గాలి.

నీళ్ళు చూడలేదు. తాళ్ళు చూడలేదు.

పొద్దున చిన్ని కొత్తోణ్ణి ఒళ్ళో పెట్టుకుని పిల్లలందరి ముందూ అడిగింది. నేను చాప ఇవతల సుద్దముక్కలు ఏరుతున్నాను.

"నువ్వెందుకు అడగట్లేదురా?"

"పెద్దటీచరుగారిలా ఉండమన్నారండి. ఆవిడ ఎవర్నీ ఏమీ అడగరండి. అడిగితే నీకెందుకంటారండి. మాట్లాడకంటారండి. అందుకే అందరూ ఆవిణ్ణి మంచిదంటారండి. నేను మంచిగా ఉంటన్నానండి."

చాప అవతల ఒక్కరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది.

 పిల్లలు వెళ్ళాక నేను వలలు దులుపుతుంటే చిన్ని వచ్చి రెండో కొస పట్టుకుంది. చాలాసేపు దులిపాం.

"నీకు గిట్టలేదని పోయిన శనివారమే తెలుసక్కా."

"ఏం తెలుసు?"

"తలలు వలిచిన రొయ్యలు నువ్వు ముట్టుకోలేదు. నీకు ఇష్టమైన కూర."

వల అటువైపు తిప్పాను. చిన్ని ఊరుకోలేదు.

"కుళ్ళుగా ఉందే చిన్నీ అని ఒక్కమాట అనుంటే, ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. నువ్వు అనవు. చిన్నప్పుడూ అంతే. అమ్మ ఎక్కడికి పోయిందక్కా అంటే నీకెందుకు, పడుకో. నువ్వెందుకు పెళ్ళి చేసుకోలేదక్కా అంటే నీకెందుకు, చదువుకో. వంద అడిగితే ఒకటి చెప్పేదానివి. వీణ్ణి ఎందుకు తెచ్చాననుకున్నావు? అడిగేవాళ్ళు ఒక్కరైనా ఈ ఇంట్లో ఉంటారని."

వల కొస నా చేతిలో వదిలేసి వెళ్ళింది.

ప్రభువా, నువ్వు చూసుకుంటావని ఊరుకున్నాను. నువ్వు నాకేసి చూస్తున్నావు.

శనివారం. పాటు. గాలి తగ్గింది.

కుండ నిండింది.

సెలవైనా చిన్ని పిల్లల్ని రమ్మంది. నేను నా గదిలోకి పోలేదు. చిన్ని గుమ్మం ముందు, పిల్లల చెప్పుల గుట్ట పక్కన, నా చెప్పులు విడిచాను. లోపలికి వెళ్ళి పిల్లల మధ్య నేల మీద కూర్చున్నాను. పిల్లలు సర్దుకుని జాగా ఇచ్చారు. చిన్ని సుద్ద పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఆ వస్తువు నన్ను చూసి నేర్చుకుంది. మళ్ళీ నన్ను చూసే మారాలి. అంతవరకు నాకు తట్టింది.

"కొత్తోడా, సగం అంటే ఏమిటి?" అన్నాను.

దీపం తెల్లగానే ఉంది. పరిమళ నా చీర అంచు లాగింది. "అది మీకు తెలుసు కదండీ," అంది గుసగుసగా. "తెలిసింది అడిగితే వాడు నమ్మడండి."

నిజమే. ముప్పై ఏళ్ళు నేను పిల్లల్ని అడిగిన ప్రతి ప్రశ్నకీ జవాబు నాకు ముందే తెలుసు. తెలియనిదాన్ని ఎలా అడగాలో తెలియలేదు.  నిరుడు ఆ అధికారి ముందు పిల్లలకి ఇలాగే ఉండి ఉంటుంది.

నాకు నిజంగా తెలియనిది ఒకటే ఉంది.

"పరిమళా," అన్నాను, "రెండేళ్ళు నా దగ్గర కూర్చుని నోరు విప్పలేదు. దీని దగ్గర ఒక్క రోజులో విప్పావు. ఎందుకమ్మా?"

ఆ పిల్ల భయపడుతుందనుకున్నాను. భయపడలేదు. కొంచెం ఆలోచించింది.

"మీకు అన్నీ తెలుసు కదండి. నేను చెప్తే మీకేం లాభమండి? తప్పొత్తే మీకు తెలిసిపోద్ది. వాడికేం తెలీదండి పాపం. నేను చెప్పకపోతే ఎవరు చెప్తారండి?"

నేను ఆ పిల్లకేసి కొంచెం జరిగాను. 

దీపం పచ్చబడింది.

"పెద్దటీచరుగారండీ. ఇది మీకు తెలీదా అండి?"

"తెలీదు."

"తెలీకపోతే అడగొచ్చా అండి?"

"అడగాలి."

"పెద్దోళ్ళు కూడానా అండి?"

"పెద్దవాళ్ళు ముందు."

దీపం గబగబా కొట్టుకుంది. "అయితే, మీరు పొద్దున్నే ఎవరితో మాట్లాడతారండి?"

పిల్లలందరూ నాకేసి తిరిగారు. చిన్ని కూడా.

"దేవుడితో."

"ఏం మాట్లాడతారండి?"

"అడుగుతాను. ఇది ఎందుకు, అది ఎందుకు, నేనేం చెయ్యను, అని."

"రోజూనా అండి? ఆయన చెప్తారా అండి?"

"ఒక్కోసారి."

"చెప్పకపోతే?"

"మళ్ళీ అడుగుతాను."

"మరి నేను తప్పు చెప్పానండి నిన్న," అన్నది కొత్తోడు. "మీరు ఎవర్నీ ఏమీ అడగరన్నానండి."

తర్వాత దాన్ని ఎవరూ ఆపలేకపోయారు. ఉప్పు ఎక్కణ్ణుంచి, తాడు ఇప్పితే ఎక్కడికి, రొట్టె మూడు ముక్కలైతే సగానికి పేరేంటి, నేల కదలకపోతే పరిమళకి నిద్రెలా. ఇన్నాళ్ళూ దాచుకున్నవన్నీ. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి చెప్పారు. ఉప్పు సంగతి నేను చెప్పాను. ఎండపలక తెచ్చి, నీళ్ళు చల్లి, ఆరేదాకా అందరం దాని చుట్టూ కూర్చున్నాం. తెల్లటి పొర తేలగానే పరిమళ వేలితో తీసి నాలిక మీద పెట్టుకుంది. మేమిద్దరం పిల్లలతో ఒకే చోట కూర్చోవడం అదే మొదలు. ఎవరో చాప చుట్టి మూలన పెట్టారు. ఎవరో నేను అడగలేదు.

పౌర్ణమి. పెద్ద పోటు. గాలి ఎదురు.

తాళ్ళన్నీ రెండుసార్లు చూశాను.

పరీక్ష పడవ వచ్చింది. అధికారి దిగుతూనే తెప్ప అంచు గట్టిగా పట్టుకుంది. గట్టు మనిషి, కడుపులో తిప్పుతున్నట్టుంది. నిమ్మరసం ఇచ్చాం. కొత్తోణ్ణి బల్ల మీద పెట్టారు. పిల్లలు వెనక గోడకి ఆనుకుని నిలబడ్డారు. పరిమళ వాళ్ళ తెప్ప అంచున ట్రంకుపెట్టె కనబడుతూనే ఉంది.

"మూడింట రెండు వంతులు పెద్దదా, సగం పెద్దదా?" అని అడిగింది అధికారి.

"ఆయ్. రెండు రొట్టెలూ ఒకే అంత ఉన్నాయా అండి?"

"ఏంటి?"

"రొట్టెలండి. చిన్న రొట్టెలో రెండు వంతులూ పెద్ద రొట్టెలో సగమూ అయితే, చూసి చెప్పాలండి."

"ప్రశ్నలు అడగాల్సింది నేను," అంది ఆవిడ.

"ఆయ్. అడగండి. మీకు తెలీనివి అడుగుతారా, తెలిసినవేనా అండి?"

చిన్ని కళ్ళు మూసుకుంది. నేను లోపల్లోపల ప్రార్థన చేసుకుంటున్నాను. అధికారి పెదవి బిగించి, "ఒకే అంత ఉన్నాయి," అంది. జవాబు సరిగా వచ్చింది. తర్వాతివీ వచ్చాయి. ఒక చోట ఆగింది. పోటు పౌర్ణమికే ఎందుకు ఎక్కువ అన్నదానికి.

"ఇది నాకు సగమే చెప్పారండి," అంది కొత్తోడు. "పరిమళగారండీ, మిగతా సగం ఏంటండి?"

పరీక్షలో అలా అడగకూడదు. అధికారి చెయ్యి ఎత్తింది. కాని పరిమళ అప్పటికే గోడ వదిలి ముందుకి వచ్చేసింది. వాడికి తెలియదు కదా, ఆగలేకపోయింది. నిమ్మకాయ చంద్రుడు, గ్లాసు భూమి, కొత్తోడి దీపం సూర్యుడు. నిరుడు ఈవిడ ముందే కొయ్యబారిన పిల్ల, ఆవిడ తాగిన గ్లాసు తీసుకుని ఆవిడ బల్ల మీదే మొత్తం చెప్పింది. ఆఖర్న, "అర్థమైందా?" అని కొత్తోణ్ణి అడిగింది.

"అయ్యిందండి," అన్నారు అధికారిగారు.

చెప్పాక ఆవిడే నవ్వింది. వచ్చే ఏడు దాకా బడి ఉంటుంది, పిల్లలూ ఇక్కడే ఉంటారు అని రాసి సంతకం పెట్టింది. పడవ కదిలాక మార్తమ్మ పెట్టె తాడు విప్పి తెప్పకి కట్టుకుంది. గట్టి తాడండి, ఊరికే పోనియ్యడమెందుకండి, అంది.

ఆదివారం. పాటు. తూర్పు గాలి.

నీళ్ళు బాగా వచ్చాయి. తాళ్ళు సరిగా ఉన్నాయి.

రొయ్యల కూర చేశాను. చిన్ని రెండుసార్లు వడ్డించుకుంది. తర్వాత కొత్తోణ్ణి ఒళ్ళో పెట్టుకుని గాలి సంగతి చెప్పబోయింది.

"ఆయ్. ఇది పెద్దటీచరుగారిని అడుగుతానండి," అన్నాడు వాడు. "నన్ను ఆవిడ దగ్గర పెడతారా అండి?"

చిన్ని తెచ్చి వలల దగ్గర నా పక్కన పెట్టింది. వెళ్ళలేదు, అక్కడే నిలబడింది.

"ఏంటక్కా, ఈ మధ్య వీడు ఎప్పుడూ నీ దగ్గరే?" అని నవ్వింది. మాట అయిన కాసేపటికి వచ్చింది నవ్వు.

ఆ గొంతు నాకు బాగా తెలుసు.

"కుళ్ళుగా ఉందా చిన్నీ?" అన్నాను.

"ఛ," అంది. వల కొస పట్టుకుని అవసరానికి మించి దులిపింది.

ప్రభువా, నా చెల్లెలికి నవ్వు సరిగా రావడం లేదు. ఇది నువ్వే చూసుకో. తొందరేం లేదు.